డైరెక్టరీ సైటంటే గూగుల్‌కి ఎందుకంత అనుమానం?

వెబ్ డైరెక్టరీ, అంటే సైట్లను వర్గాల వారీగా పేర్చి చూపే జాబితా, పెడతానని ఎవరైనా అంటే ఎస్ఈవో (సెర్చ్‌లో సైటుని పైకి తెచ్చే విద్య) తెలిసినవాళ్ళ నోటి నుంచి మొదట వచ్చే మాట ఒకటే: "ఇంకా ఆ కాలంలోనే ఉన్నావా? గూగుల్ పెనాల్టీ వేసి పారేస్తుంది." ఇది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. లింక్ స్పామ్‌కి, అంటే సెర్చ్‌లో ర్యాంకు పెంచుకోవడానికి పెట్టించే లింకులకి, ఉదాహరణలు చెబుతూ గూగుల్ తన స్పామ్ విధానాల్లో నాసిరకం డైరెక్టరీల నుంచి వచ్చే లింకులను పేరు పెట్టి మరీ ప్రస్తావించింది. అలాగని డైరెక్టరీలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. హోటళ్ళ జాబితాలు, డాక్టర్ల జాబితాలు, సాఫ్ట్‌వేర్ జాబితాలు నడిపే సైట్లు ఇవాళ్టికీ సెర్చ్‌లో మొదటి పేజీలో కనిపిస్తూనే ఉన్నాయి. అవీ డైరెక్టరీలే, ఆ పేరుతో పిలుచుకోవట్లేదంతే.

మరి తేడా ఎక్కడుంది? నా లెక్కలో ఒకే ప్రశ్న దగ్గర తేలిపోతుంది: ఈ డైరెక్టరీకి అసలు కస్టమర్ ఎవరు? ఏదో వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడా, తన సైటుని అందులో పెట్టించుకోవడానికి వచ్చిన యజమానా? లింకులకు నోఫాలో (ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టాలా వద్దా, ఖాళీ కేటగిరీలను ఏం చెయ్యాలి, డబ్బు తీసుకోవచ్చా లాంటి సందేహాలన్నిటికీ జవాబు అక్కడి నుంచే వస్తుంది.

అనుమానం మొదలైన తీరు

వెబ్ పుట్టిన కొత్తలో డైరెక్టరీలదే రాజ్యం. టిమ్ బెర్నర్స్ లీ 1991లోనే వర్చువల్ లైబ్రరీ పేరుతో సైట్ల జాబితా మొదలుపెట్టాడు. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్లను వర్గాలుగా పేర్చుకున్న జాబితాయే యాహూ అయింది. 1998 జూన్‌లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ మొదలుపెట్టిన ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టును అందరూ డీమాజ్ అని పిలిచేవాళ్ళు. అక్కడ స్వచ్ఛంద ఎడిటర్లు ఒక్కో సైటుని చూసి, పనికొస్తుందనుకుంటే సొంత మాటల్లో రెండు వాక్యాలు రాసి చేర్చేవాళ్ళు. 2000లో గూగుల్ కూడా ఆ డీమాజ్ సమాచారాన్నే తీసుకుని సొంత డైరెక్టరీ నడిపింది. ఇప్పుడు అనుమానంగా చూసే గూగుల్, అప్పట్లో "మీ సైటుని డీమాజ్, యాహూ లాంటి డైరెక్టరీలకు పంపండి" అని వెబ్‌మాస్టర్లకు సలహా ఇచ్చేది. 2008లో ఆ వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా తీసేసింది.

మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే పేజ్‌ర్యాంక్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది దానికి వేసిన ఓటు లాంటిదని, ఓటు వేసిన పేజీకి ఎంత విలువుంటే ఆ ఓటుకీ అంత విలువుంటుందని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ లెక్క కట్టారు. మనుషులు చూసి, ఎంచి పెట్టిన డైరెక్టరీ లింకు ఆ లెక్క ప్రకారం చాలా మంచి ఓటు. ఓటుకి విలువ ఉందని తెలిశాక దాన్ని కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు రాకుండా ఉంటారా?

పీహెచ్‌పీ లింక్ డైరెక్టరీ లాంటి రెడీమేడ్ స్క్రిప్టు ఒకటి సర్వర్లో పెట్టుకుంటే డైరెక్టరీ తయారైపోయేది. కేటగిరీలు స్క్రిప్టుతోనే వచ్చేవి. సబ్మిషన్ ఫారం ఉండేది, వచ్చిన ప్రతిదాన్నీ ఒప్పుకునేవాళ్ళు. ఇంకోపక్క వందల డైరెక్టరీల్లో మీ సైటుని పెట్టిస్తామంటూ ప్యాకేజీలు అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. ఒకే టెంప్లేటు, ఒకే వర్ణన, ఒకే కేటగిరీల చెట్టు, మారేది డొమైన్ పేరొక్కటే. వీటిలోకి ఏదైనా వెతుక్కుంటూ వచ్చిన మనిషి దాదాపు ఉండడు. వచ్చేవాళ్ళంతా లింకు కోసం వచ్చేవాళ్ళే. అంటే పాఠకుడు లేని జాబితా అన్నమాట.

2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వదిలింది. అసహజ లింకుల మీద ర్యాంకు తెచ్చుకున్న సైట్లు దాంతో కింద పడ్డాయి. డైరెక్టరీ లింకులకు గిరాకీ పోయింది. గూగుల్ సొంత డైరెక్టరీ అంతకు ముందే, 2011లో మూతపడింది. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమాజ్ 2017 మార్చిలో ఆగిపోయాయి. ఆ రెండూ పెనాల్టీ వల్ల పోయినవి కావు. సెర్చ్ పెట్టెలో రెండు మాటలు కొడితే జవాబొచ్చే రోజుల్లో కేటగిరీల చెట్టు దిగుతూ వెళ్ళే ఓపిక జనానికి లేకపోయింది. డీమాజ్‌లోనైతే పరిశీలన కోసం సైట్లు నెలలు, ఏళ్ళ తరబడి పడి ఉండేవి.

పెనాల్టీ అంటున్నది దేన్ని?

"నా డైరెక్టరీకి పెనాల్టీ పడింది" అనేవాళ్ళు మాట్లాడుతున్నది మూడు వేర్వేరు విషయాల్లో ఏదో ఒకదాని గురించి. ఏదో తేల్చుకోకుండా మందు వేస్తే లేని జబ్బు వచ్చి కూర్చుంటుంది.

మొదటిది మాన్యువల్ యాక్షన్. గూగుల్ ఉద్యోగి ఒకరు మీ సైటు చూసి, ఇది నిబంధనలకు విరుద్ధమని నిర్ణయించడం. నిజానికి పెనాల్టీ అనదగ్గది ఇదొక్కటే. ఇది పడితే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్లో స్పష్టంగా నోటీసు కనిపిస్తుంది. డైరెక్టరీలకు ఎక్కువగా వర్తించేవి మూడు రకాలు: మీ సైటు నుంచి బయటికి అసహజ లింకులు వెళ్తున్నాయని, కంటెంట్ పలచగా ఉండి పాఠకుడికి అదనంగా ఇచ్చేదేమీ లేదని, యూజర్లు స్పామ్ నింపుతున్నారని. నోటీసు లేకపోతే మాన్యువల్ యాక్షన్ లేనట్టే.

రెండోది అల్గారిథమ్ లెక్కలో కిందకి జారడం. దీనికి నోటీసులు ఉండవు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా అప్‌డేట్ పలచని పేజీలున్న సైట్లను మొత్తంగా కిందకి దించింది. పాఠకుడికి పనికొచ్చే పేజీలను పైకి తేవడానికి 2022లో వచ్చిన హెల్ప్‌ఫుల్ కంటెంట్ వ్యవస్థను 2024 మార్చిలో ప్రధాన ర్యాంకింగ్‌లోనే కలిపేశారు. ఇక్కడ గూగుల్ మీ మీద కక్ష కట్టిందేమీ లేదు. అదే ప్రశ్నకు మీకంటే మెరుగైన పేజీ దొరికింది, లేదా మీ సైటులో పనికిరాని పేజీల వాటా మరీ పెరిగిపోయింది.

మూడోది అసలు ఇండెక్సే కాకపోవడం, అంటే గూగుల్ తన సెర్చ్ జాబితాలో పేజీని చేర్చుకోకపోవడం. సెర్చ్ కన్సోల్ పేజీల రిపోర్టులో "క్రాల్ అయింది, ప్రస్తుతం ఇండెక్స్ కాలేదు" అని ఒక వరస ఉంటుంది. కొత్త డైరెక్టరీ యజమాని టెన్షన్ పడేది ఎక్కువగా దీన్ని చూసే. పేజీ చదివాం కానీ దాచుకోదగ్గదేమీ కనిపించలేదని దాని భావం. ఇది శిక్ష కాదు, అభిప్రాయం. పేరు, ఫోను నంబరు, ఒక లింకు తప్ప ఇంకేమీ లేని వేల పేజీలు ఒకేసారి వదిలితే ఇలాగే జరుగుతుంది. అప్పుడు "ఇండెక్స్ చెయ్యండి" అని మళ్ళీ మళ్ళీ రిక్వెస్టు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కాదని చెప్పగలగడం

గూగుల్ వెబ్‌స్పామ్ విభాగానికి చాలాకాలం పెద్దగా ఉన్న మ్యాట్ కట్స్ మంచి డైరెక్టరీని ఎలా గుర్తుపట్టాలో చెబుతూ అడగమన్న ప్రశ్నలు ఇప్పటికీ పాతబడలేదు. ఆ డైరెక్టరీ వచ్చినవాటిలో కొన్నిటినైనా తిరస్కరిస్తుందా? తిరస్కరించగా మిగిలినవైనా బాగున్నాయా? రుసుము తీసుకుంటుంటే అది దేనికోసం?

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు తీసుకోవడమే తప్పనుకునేవాళ్ళు చాలామంది. యాహూ డైరెక్టరీ వ్యాపార సైట్ల నుంచి ఏడాదికి 299 డాలర్లు తీసుకునేది. గూగుల్ దాన్ని తప్పుపట్టలేదు. ఆ డబ్బు పరిశీలించినందుకు, చేర్చినందుకు కాదు. కట్టాక కూడా నిరాకరించే హక్కు ఎడిటర్‌కి ఉండేది. దాన్నే "డబ్బు కట్టండి, లింకు ఖాయం" అని తిప్పి రాస్తే అది లింకు అమ్మకం అయిపోతుంది. రెండిటికీ ఫారం ఒకటే, పేమెంట్ బటన్ ఒకటే. తేడా తెలిసేది తిరస్కరించిన వాటి జాబితాలోనే. అలాంటి జాబితా ఒకటి మీ దగ్గర లేకపోతే, పైన ఎన్ని నియమాలు రాసుకున్నా మీ డైరెక్టరీకి ఎడిటర్ లేనట్టే.

కాబట్టి ఏవి తీసుకుంటారో, ఏవి తీసుకోరో ముందే రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. అది అలంకారానికి రాసిన నిబంధనల పేజీ కాకూడదు, రోజూ వాడే కొలబద్దగా ఉండాలి. పరిధి ఎంత చిన్నదైతే అంత మంచిది. "అన్ని రకాల వెబ్‌సైట్లు" అని పెట్టుకున్న డైరెక్టరీలో దేన్ని కాదనాలన్నా కారణం దొరకదు. "పాత ఫిల్మ్ కెమెరాలు రిపేరు చేసేవాళ్ళు" అని పెట్టుకుంటే, కొత్త ఫోన్లు అమ్మే దుకాణాన్ని కాదనడానికి రెండు సెకన్లు చాలు.

లింకుల విషయం

నోఫాలో 2005 జనవరిలో వచ్చింది. కామెంట్లలో స్పామ్ లింకులు ఆపడానికి గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దాన్ని ఒప్పుకున్నాయి. 2019 సెప్టెంబరులో గూగుల్ ఇంకో రెండు గుర్తులు చేర్చింది: డబ్బు తీసుకున్న లింకులకు స్పాన్సర్డ్, యూజర్లు పెట్టినవాటికి యూజీసీ. అప్పటి నుంచి ఈ గుర్తులన్నిటినీ ఖచ్చితమైన ఆజ్ఞలుగా కాక సూచనలుగా తీసుకుంటామని కూడా చెప్పింది.

డైరెక్టరీలో ఏది ఎక్కడ వాడాలంటే, డబ్బుతో సంబంధం ఉన్న ప్రతి లింకుకీ స్పాన్సర్డ్ పెట్టండి. "ఫీచర్డ్", "ప్రీమియం" పేరుతో పైకి చేర్చినవన్నీ ఇందులోకే వస్తాయి, నోఫాలో పెట్టినా సరిపోతుంది. మీరు చూడకముందే పేజీలో కనిపించే సబ్మిషన్లు ఉంటే వాటికి యూజీసీ. నిజానికి చూడకుండా దేన్నీ పబ్లిష్ చెయ్యకపోవడమే మేలు. మీరే వెతికి, చూసి, బాగుందని ఉచితంగా చేర్చిన సైటుకి ఏ గుర్తూ అక్కర్లేదు. మామూలు లింకే ఇవ్వండి. భయంతో మొత్తం డైరెక్టరీకి నోఫాలో తగిలించేవాళ్ళున్నారు. దాంతో ప్రమాదమేమీ లేదు కానీ అది సర్వరోగ నివారిణి కూడా కాదు. పేజీ పలచగా ఉంటే నోఫాలో దాన్ని చిక్కబరచదు. ఒక లాభం మాత్రం ఉంది: లింకు బలం కోసమే వచ్చే సబ్మిషన్లు ఒక్కసారిగా తగ్గిపోతాయి, ఎడిటర్‌కి ఊపిరి ఆడుతుంది.

సబ్మిషన్ ఫారంలో "సైటు పేరు" అన్న గడిని గమనించండి. స్పామ్ మొదట దూరేది అక్కడే. సొంత పేరు రాయాల్సిన చోట "చవకగా కెమెరా రిపేరు, బెస్ట్ కెమెరా సర్వీస్" అని కీవర్డ్లు దట్టిస్తారు, ఎందుకంటే ఆ గడిలోని మాటలే లింకు మాటలవుతాయని వాళ్ళకు తెలుసు. సైటులో పైన ఏ పేరుందో అదే ఇక్కడ ఉండాలి, ఒక సంస్థకి ఒక లింకే, అదీ మొదటి పేజీకే అన్న నియమం పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది. పాటించనివాళ్ళకి మళ్ళీ ఉత్తరం రాసి దిద్దించే శ్రమ పెట్టుకోకుండా మీరే పేరు సరిచెయ్యండి, లేదా తిప్పి పంపండి.

"మా బ్యాడ్జి మీ సైటులో పెట్టుకుంటే లిస్టింగ్ ఉచితం" అనే పాత పద్ధతి ఇంకా చాలా చోట్ల నడుస్తోంది. ఇది ఇచ్చిపుచ్చుకునే లింకుల కిందకే వస్తుంది. అతిగా లింకుల మార్పిడి చేసుకోవడం, లింకు ఇవ్వాలని షరతు పెట్టడం రెండూ గూగుల్ విధానాల్లో స్పామ్ ఉదాహరణలుగా ఉన్నాయి. బ్యాడ్జి ఇష్టమైతే పెట్టుకోమనండి, అందులోని లింకుకి నోఫాలో పెట్టండి, షరతు మాత్రం పెట్టకండి.

పెద్దగా ఎవరూ పట్టించుకోని చిక్కు ఇంకొకటుంది. ఎన్ని క్లిక్కులు వెళ్ళాయో లెక్కించడానికి చాలా డైరెక్టరీలు బయటి లింకులను సొంత రీడైరెక్ట్ స్క్రిప్టు గుండా పంపుతాయి. ఆ స్క్రిప్టు వెళ్ళాల్సిన చిరునామాని లింకులోంచే చదువుకుంటుంటే, ఎవరైనా ఆ చివర తమకు నచ్చిన చిరునామా అతికించవచ్చు. చూసేవాళ్ళకి లింకు మీ డొమైన్‌తో మొదలవుతుంది, తీసుకెళ్ళేది మోసపు సైటుకి. మీ సైటు మీద హానికరం అన్న ముద్ర పడడానికి అంతకంటే ఇంకేం కావాలి? స్క్రిప్టుకి చిరునామా కాకుండా లిస్టింగ్ నంబరు మాత్రమే ఇచ్చి, అసలు చిరునామాని డేటాబేసులోంచి తీసుకునేలా రాస్తే ఈ దారి మూసుకుపోతుంది. కొన్ని నిమిషాల పని.

పేజీలో ఏముందన్నది

డైరెక్టరీల్లో నూటికి తొంభై ఓడిపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం. లింకుల గురించి చదివి భయపడినంతగా ఎవరూ పేజీ గురించి భయపడరు.

అదే కెమెరా రిపేరు డైరెక్టరీ తీసుకుందాం. యజమాని ఫారంలో ఇలా రాసి పంపుతాడు: "ఎన్నో ఏళ్ళ అనుభవంతో, నాణ్యతే లక్ష్యంగా, కస్టమర్ల సంతృప్తే ధ్యేయంగా కెమెరా సేవలు అందిస్తున్న అగ్రగామి సంస్థ." ఇదే పేరా అక్షరం పొల్లుపోకుండా ఇంకో యాభై డైరెక్టరీలకూ పంపి ఉంటాడు. దాన్ని అలాగే వేస్తే మీ పేజీకీ మిగతా యాభైకీ తేడా లేదు. అలాంటప్పుడు సెర్చ్ ఇంజన్ మీ పేజీనే ఎందుకు చూపించాలి?

ఎడిటర్ పది నిమిషాలు కేటాయించి, ఒక మెయిలు రాసి అడిగి తెలుసుకుంటే అదే లిస్టింగ్ ఇలా మారుతుంది: "మెకానికల్ షట్టర్ ఉన్న మోడళ్ళే తీసుకుంటారు, ఎలక్ట్రానిక్ బోర్డు పాడైతే ముట్టుకోరు. లెన్సులో ఫంగస్ శుభ్రం చేస్తారు, కోటింగ్ అప్పటికే దెబ్బతిని ఉంటే హామీ ఇవ్వరు. కొరియర్‌లో పంపొచ్చు. విప్పి చూశాకే ఖర్చు చెబుతారు, వద్దంటే విప్పినందుకు కొంత తీసుకుంటారు." పాత కెమెరా చేతిలో పట్టుకుని వెతుకుతున్న మనిషికి కావాల్సింది ఇదీ. ఈ వివరాలు ఆ దుకాణం సొంత సైటులో కూడా ఉండకపోవచ్చు. ఇలాంటి పేజీ ఇండెక్స్ కాదేమోనన్న భయం పెద్దగా ఉండక్కర్లేదు.

ఇలా రాయడం ఆలస్యమని ఇప్పుడు చాలామంది ఏఐ చేత వేల వర్ణనలు రాయిస్తున్నారు. 2024 మార్చిలో గూగుల్ తెచ్చిన విధానాల్లో ర్యాంకు కోసం పెద్ద ఎత్తున పేజీలు కుమ్మరించడం కూడా స్పామ్ కిందకి వచ్చింది. రాసింది మనిషా, యంత్రమా అన్నది అక్కడ అప్రస్తుతం. ఏఐ మీ దగ్గర లేని సమాచారాన్ని కొత్తగా తీసుకురాలేదు, ఆ దుకాణం కొరియర్ తీసుకుంటుందో లేదో దానికి తెలియదు. మీరు సేకరించిన వివరాలను వాక్యాలుగా దిద్దించుకోవడం వేరు, లేని వివరాల చోట మాటలు నింపించుకోవడం వేరు.

పేజీల సంఖ్య ఇంకో ఉచ్చు. నలభై బ్రాండ్లు, పన్నెండు రకాల రిపేర్లు, మూడు వందల ఊళ్ళు అనుకుందాం. ప్రతి కలయికకీ ఒక పేజీ తయారయ్యేలా టెంప్లేటు రాస్తే 1,44,000 పేజీలు. డైరెక్టరీలో ఉన్నవి మాత్రం నూట ఎనభై దుకాణాలు. ఈ పేజీల్లో దాదాపు అన్నీ "ఫలితాలు లేవు" అంటాయి, లేదా అదే దుకాణాన్ని వేరే శీర్షిక కింద మళ్ళీ చూపిస్తాయి. ఊరి పేరు ఒక్కటి మార్చి పేజీలు కుప్పపోయడాన్ని డోర్‌వే పేజీలని గూగుల్ ఎప్పటి నుంచో తప్పుపడుతోంది. ఖాళీ పేజీలను సాఫ్ట్ 404గా, అంటే తెరుచుకున్నా లేనట్టే అని, లెక్కేసి పక్కన పెడుతుంది.

కేటగిరీలో చెప్పుకోదగ్గ లిస్టింగులు వచ్చేదాకా ఆ పేజీని ఇండెక్సుకి తెరవకండి. ఫిల్టర్లు పాఠకుడి సౌకర్యం కోసం ఉంచండి, వాటి కలయికలకు నోఇండెక్స్ (ఇండెక్స్ చెయ్యొద్దన్న గుర్తు) పెట్టండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: నోఇండెక్స్ పెట్టిన పేజీలనే రోబోట్స్ ఫైలులో (ఏ పేజీలు చదవకూడదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైలు) కూడా అడ్డుకుంటారు. అడ్డుకున్న పేజీని గూగుల్ చదవలేదు, చదవకపోతే అందులోని నోఇండెక్స్ దాని కంట పడదు. బయట నుంచి ఆ పేజీకి లింకు ఉంటే చిరునామా మాత్రం సెర్చ్‌లో మిగిలిపోవచ్చు. రెండిట్లో ఒక్కటే ఎంచుకోవాలి.

రేటింగుల గురించి క్లుప్తంగా: వేరే సైట్లలోని స్టార్లను తెచ్చి మీ పేజీలో స్ట్రక్చర్డ్ డేటాగా (సెర్చ్ ఇంజన్ చదువుకునేలా పేజీలో పెట్టే సమాచారం) చూపించకండి. మీ దగ్గర మీ యూజర్లు ఇచ్చినవైతేనే చూపించండి.

చేర్చాక మర్చిపోతే

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత అందుబాటులో లేవు. లింకుల మీదే బతికే సైటుకి ఈ అంకె మామూలు విషయం కాదు.

లింకు పనిచేస్తుందో లేదో చూసే స్క్రిప్టులు బోలెడున్నాయి. అవి 404 (పేజీ లేదన్న కోడ్) వచ్చినవాటిని పట్టుకుంటాయి. అసలు ప్రమాదం 200 (పేజీ ఉందన్న కోడ్) వచ్చేవాటిలో ఉంది. ఒక చిన్న దుకాణం మూతపడుతుంది, డొమైన్ గడువు తీరుతుంది, దాన్ని జూదం సైటువాడు కొంటాడు. పేజీ చక్కగా తెరుచుకుంటుంది, స్క్రిప్టు "బాగుంది" అని రాసుకుని ముందుకి పోతుంది. మీ డైరెక్టరీ మాత్రం "పాత లెన్సుల మరమ్మతు" అని చెప్పి జనాన్ని జూదానికి పంపుతుంటుంది. ఇలాంటివి పదుల సంఖ్యలో పేరుకున్నాక బయటినుంచి చూసేవాళ్ళకి అది స్పామ్ డైరెక్టరీగానే కనిపిస్తుంది. కావాలని చేశారా, చూసుకోక జరిగిందా అన్నది సెర్చ్ ఇంజన్‌కి ఎలా తెలుస్తుంది?

అందుకే లిస్టింగ్ చేర్చిన రోజే ఆ సైటు శీర్షిక, మొదటి పేజీలోని ముఖ్యమైన మాటలు దాచుకోండి. స్క్రిప్టు వెళ్ళిన ప్రతిసారీ వాటితో పోల్చాలి. శీర్షిక పూర్తిగా మారినా, ఇంకో డొమైన్‌కి మళ్ళినా, భాష మారిపోయినా ఆ లిస్టింగ్ ఎడిటర్ దగ్గరికి రావాలి. నిర్ణయం మనిషిదే, ఎందుకంటే డిజైన్ మార్చుకున్న నిజమైన దుకాణం కూడా అలాగే కనిపిస్తుంది. సర్వర్ ఒక్కరోజు పడుకుందని లిస్టింగ్ పీకెయ్యకుండా నాలుగైదు సార్లు చూసి అప్పుడు తీసెయ్యండి. ప్రతి లిస్టింగ్ కిందా "చివరిసారి సరిచూసింది" అని నెల, సంవత్సరం వెయ్యండి. ఆ తేదీ నిజంగా చూసిన తేదీ అయి ఉండాలి. రోజూ దానంతట అదే ఇవాళ్టి తేదీకి మారే స్క్రిప్టు పెడితే, అది మూతపడిన దుకాణం పక్కన కూడా ఇవాళ్టి తేదీనే వేస్తుంది.

దీనికి అటువైపు ఇంకో కథ ఉంది. గడువు తీరిన డొమైన్ కొని, దానికి పాతకాలంలో వచ్చిన పేరు వాడుకుంటూ కొత్త డైరెక్టరీ పెట్టడం. 2024 మార్చి విధానాల్లో ఇదీ స్పామే. పేరున్న సైటులో ఒక మూల అద్దెకి తీసుకుని, వాళ్ళకి సంబంధం లేని డైరెక్టరీ నడపడం కూడా అదే దఫా నిషేధాల్లోకి చేరింది. అడ్డదారులన్నీ దాదాపు మూసుకుపోయాయి.

పెనాల్టీ పడితే ఏం చెయ్యాలి

చేతులు కాలాక ఆకులు పట్టుకునే పనే అయినా, మాన్యువల్ యాక్షన్‌కి దారి ఉంది. అసహజ లింకులు బయటికి వెళ్తున్నాయని నోటీసు వస్తే లిస్టింగులన్నీ ఒక్కొక్కటిగా చూసి, డబ్బుకి ఇచ్చినవాటికి స్పాన్సర్డ్ గుర్తు పెట్టి, పనికిరానివాటిని తీసేసి, ఏం చేశారో దాచకుండా రాసి పునఃపరిశీలనకి అర్జీ పెట్టాలి. జవాబు రావడానికి కొన్ని రోజులో, వారాలో పడుతుంది. నాలుగు లింకులు తీసి "అంతా సరిచేశాం" అని రాస్తే తిరిగొస్తుంది. ఇక్కడ చాలామంది డిజవో టూల్ వైపు పరుగెత్తుతారు. 2012లో వచ్చిన ఆ టూల్ మీ సైటుకి బయటినుంచి వచ్చే లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పడం కోసం. మీ నుంచి వెళ్ళే లింకుల గొడవకి దానితో పనే లేదు.

అల్గారిథమ్ లెక్కలో జారితే అర్జీ పెట్టే చోటు ఉండదు. పలచని పేజీలు కలిపెయ్యడం, తీసెయ్యడం, మిగిలినవాటిని బాగుచెయ్యడం, ఆపైన నెలల తరబడి ఎదురుచూడటం. ఐదు వేల లిస్టింగుల్లో నాలుగు వేలు తీసేయాల్సి వస్తే యజమానికి ప్రాణం పోయినట్టుంటుంది. కానీ ఆ నాలుగు వేలను ఇన్నాళ్ళూ ఎవరు చూశారో సర్వర్ లాగ్‌లో (ఎవరెవరు వచ్చారో నమోదయ్యే ఫైలు) ఒకసారి చూస్తే నిర్ణయం తేలికవుతుంది.

ఇంకో సంగతి కూడా ఎదురవుతుంది. పెంగ్విన్ తర్వాత, అంతకు ముందు బతిమాలి డబ్బు కట్టి లింకులు పెట్టించుకున్నవాళ్ళే వరస కట్టి "దయచేసి మా లింకు తీసెయ్యండి" అని డైరెక్టరీలకు మెయిళ్ళు పెట్టారు. కొందరు డైరెక్టరీవాళ్ళు తీసినందుకూ డబ్బు అడిగారు. ఇవాళ కూడా అలాంటి మెయిళ్ళు అప్పుడప్పుడూ వస్తాయి. పంపింది నిజంగా ఆ సైటు వాళ్ళేనా అని వాళ్ళ డొమైన్ మెయిలు ద్వారా నిర్ధారించుకుని, ఉచితంగా, అదే వారంలో తీసెయ్యండి. పోటీ దుకాణం వాడు ఎదుటివాడి లిస్టింగ్ తీయించడానికి పంపే మెయిళ్ళు కూడా ఉంటాయి కాబట్టి ఆ నిర్ధారణ మాత్రం వదలొద్దు.